పీడీఎఫ్ ఉందా?

సెమిస్టర్ మొదలై వారం తిరగకముందే క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక ప్రశ్న పడుతుంది: ‘ఎవరి దగ్గరైనా పీడీఎఫ్ ఉందా?’ పుస్తకం పేరు కూడా పూర్తిగా రాయరు, రచయిత ఇంటిపేరు చాలు. అరగంటలో ఫైలు వచ్చేస్తుంది. మొదటి పేజీ మీద ఏదో విదేశీ లైబ్రరీ ముద్ర, ప్రతి పేజీ అడుగునా ఒక టెలిగ్రామ్ చానల్ పేరు, మధ్యలో రెండు పేజీలు తలకిందులు. దాని కింద వరసగా దండం పెట్టే బొమ్మలు. ఇందులో తప్పేమైనా ఉందా అని ఆ గ్రూపులో ఎవరూ అడగరు. అడిగినవాణ్ని ఎగాదిగా చూస్తారు.

అలాగని ఈ పిల్లలకు నియమం, నిష్ఠ లేవని తేల్చేస్తే తొందరపాటే. అదే విద్యార్థి ప్రాజెక్టు రిపోర్టు ఇచ్చే ముందురోజు రాత్రి, సాఫ్ట్‌వేర్ చూపించే పోలిక శాతం పది దాటిందేమోనని నిద్ర మానుకుని కూర్చుంటాడు. పేరు చెప్పకుండా నాలుగు వాక్యాలు ఎత్తి రాయడం దొంగతనమని గట్టిగా నమ్ముతాడు. నాలుగు వందల పేజీల పుస్తకాన్ని మొత్తంగా రెండు వేలమందికి పంచడం మాత్రం అతని దృష్టిలో సాయం. దేశంలో కాపీరైటు చట్టాన్ని, కోర్టు తీర్పులను పక్కన పెట్టుకుని ఈ వైఖరిని చూస్తే ఒక వింత బయటపడుతుంది. చట్టం ధారాళంగా వెసులుబాటు ఇచ్చిన చోట మన విద్యార్థి జంకుతున్నాడు. చట్టం గట్టిగా పట్టుకునే చోట నిశ్చింతగా ఉన్నాడు.

ఈ ధోరణి మనకు మాత్రమే పరిమితం కాదు. తైవాన్ పరిశోధకులు 2007లో వెలువడిన ఒక అధ్యయనం కోసం తమ విద్యార్థులకు ఇంటర్నెట్ కాపీరైటు మీద పరీక్ష పెట్టి, జవాబుతో పాటు దానికి కారణం కూడా రాయించారు. చదువు కోసం ఏం వాడుకున్నా అది న్యాయమైన వినియోగమే అవుతుందన్న అపోహ అందులో స్పష్టంగా కనబడింది. 2016లో అమెరికా పత్రిక ‘సైన్స్’ దొంగ ప్రతుల సైట్ల గురించి ఆన్‌లైన్‌లో అభిప్రాయాలు అడిగితే దాదాపు 11,000 మంది స్పందించారు. అందులో 88 శాతం మంది అలాంటి సైట్ల నుంచి వ్యాసాలు దించుకోవడం తప్పు కాదన్నారు. తమంతట తాము ముందుకొచ్చి చెప్పినవాళ్ల సర్వే కాబట్టి ఆ అంకెను కొంచెం తగ్గించే చదువుకోవాలి. అయినా తరగతి గదిలో చేతులెత్తమంటే వచ్చే ఫలితం దానికి మరీ దూరంగా ఉండదు.

విద్యార్థి ఈ నమ్మకానికి ఎలా వచ్చాడో తెలియాలంటే ఇంటర్నెట్‌ను కాసేపు వదిలి ఒక జిరాక్స్ షాపు దగ్గరికి వెళ్లాలి.

ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసెస్ అని చిన్న దుకాణం. అధ్యాపకులు సిలబస్‌ను బట్టి ఏ పుస్తకంలో ఏ అధ్యాయం చదవాలో చెబితే, లైబ్రరీ ప్రతుల నుంచి ఆ పేజీలు తీసి, స్పైరల్ బైండింగ్ చేసి ‘కోర్సు ప్యాక్’గా అమ్మేవారు. పేజీకి 40 పైసలు. 2012 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు ఆ షాపు మీద, ఢిల్లీ యూనివర్సిటీ మీద హైకోర్టులో దావా వేశాయి. కొన్నాళ్లు కోర్సు ప్యాకులు ఆగిపోయాయి. విద్యార్థులు సంఘం కట్టి కేసులో చేరారు. ఆ ప్యాకుల్లో తమ రచనలు ఉన్న పండితులే కొందరు, పిల్లలు మా వ్యాసాలు చదువుకుంటే మాకేం అభ్యంతరం లేదని ప్రచురణకర్తలకు ఎదురు తిరిగారు. అమర్త్య సేన్ కూడా దావా మానుకోమని కోరారు.

2016 సెప్టెంబర్ 16న జస్టిస్ రాజీవ్ సహాయ్ ఎండ్లా దావా కొట్టేశారు. తాను లా చదివే రోజుల్లో లైబ్రరీలో కూర్చుని పేజీలకు పేజీలు చేత్తో ఎత్తి రాసుకున్న సంగతి ఆయన తీర్పులో గుర్తుచేసుకున్నారు. చేత్తో రాసుకుంటే తప్పు కానిది యంత్రంతో తీసుకుంటే తప్పెలా అవుతుందన్నది ఆయన వాదన సారం. 1957 నాటి కాపీరైటు చట్టం 52వ సెక్షన్‌లో, బోధనలో భాగంగా ఉపాధ్యాయుడు గానీ విద్యార్థి గానీ చేసే పునర్ముద్రణ ఉల్లంఘన కాదని స్పష్టంగా ఉంది. బోధన అంటే గంట కొట్టినప్పటి నుంచి గంట కొట్టేదాకా క్లాసులో జరిగేదొక్కటే కాదని కోర్టు తేల్చింది. అదే ఏడాది డిసెంబర్ 9న ఇద్దరు న్యాయమూర్తుల బెంచి ఈ సూత్రాన్ని నిలబెట్టింది. ఎంత శాతం కాపీ చేశారన్నది కొలబద్ద కాదు, బోధన అవసరం మేరకు ఉందా లేదా అన్నదే ప్రశ్న అంది. కోర్సు ప్యాక్ కొనే కుర్రాడు, అది దొరక్కపోతే సిలబస్‌లోని ముప్పై నలభై పుస్తకాలూ కొనేస్తాడనుకోవడం కుదరదని కూడా చెప్పింది. 2017 మార్చిలో ప్రచురణ సంస్థలు దావా వెనక్కి తీసుకున్నాయి. లైసెన్సు రుసుములు వసూలు చేసే సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లినా అక్కడ ఆ పిటిషన్ నిలవలేదు.

ఈ కేసు గురించి కాంపస్‌లలో మిగిలిన జ్ఞాపకం మాత్రం ఒక్క ముక్క: ‘జిరాక్స్ తీసుకోవచ్చని కోర్టు చెప్పింది.’ మిగతా సగం ఎవరికీ గుర్తులేదు. పుస్తకం మొత్తానికి మొత్తం కాపీ చేయడం కూడా చెల్లుతుందా అన్న ప్రశ్నను బెంచి విచారణకు పంపింది. దావానే వెనక్కి పోవడంతో దానికి జవాబు రాలేదు. కోఠి చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో గుట్టలుగా కనబడేవి మాత్రం అధ్యాయాలు కావు, పూర్తి పుస్తకాలు.

ఇక జంకు సంగతి. 2018లో యూజీసీ గ్రంథచౌర్యం మీద నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపైతే శిక్ష లేదు. 40 శాతం వరకు ఉంటే సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 60 వరకు ఉంటే ఏడాది ఆగాలి. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మరుసటి ఏడాది ‘శోధ్‌శుద్ధి’ పేరుతో యూనివర్సిటీలకు సాఫ్ట్‌వేర్ కూడా అందింది. మంచి ఉద్దేశమే. అయితే అది పట్టుకునేది పేరు చెప్పకుండా వాడుకోవడాన్ని. కాపీరైటుకు సంబంధించినది అనుమతి. పేరు చెప్పి, కొటేషన్ గుర్తులు పెట్టి, ఒక నవల మొత్తం వెబ్‌సైట్లో పెడితే గ్రంథచౌర్యం లేదు, కాపీరైటు ఉల్లంఘన ఉంది. ఎప్పుడో వందేళ్ల కింద పోయిన రచయిత పేరాను తనదిగా చెప్పుకుంటే కాపీరైటు ఉల్లంఘన లేదు, గ్రంథచౌర్యం ఉంది. ఈ తేడా చెప్పే క్లాసు మన డిగ్రీ కాలేజీల్లో అరుదు. రిసెర్చ్ మెథడాలజీ పేపర్లో ఒక యూనిట్‌గా ఉంటే ఉంటుంది, అదీ పరీక్షకు ముందు నోట్సులో చదివేసేది.

అందుకే ఆ పది శాతం ఊరంతా తిరుగుతోంది. ఏ పుస్తకం నుంచైనా పది శాతం దాకా తీసుకోవచ్చట అనే మాట పీజీ విద్యార్థులే కాదు, కొందరు గైడ్లు కూడా చెబుతారు. చట్టంలో అలాంటి అంకె లేదు. విమర్శ కోసమో సమీక్ష కోసమో అవసరమైనంత ఉదహరించే హక్కు 52వ సెక్షన్ ఇస్తోంది. అది తెలియక, సాఫ్ట్‌వేర్ పట్టేస్తుందన్న భయంతో, విశ్లేషించాల్సిన కవిత చరణాలనే సిద్ధాంత వ్యాసంలోంచి తీసేసి సారాంశం రాసేవాళ్లున్నారు. మూలం కనబడని విమర్శ ఎవరి కోసమో వాళ్లే చెప్పాలి.

నిశ్చింతకు వస్తే, దాని చిరునామా టెలిగ్రామ్. గ్రూప్స్‌కు, టీచర్ ఉద్యోగాలకు చదివేవాళ్ల చానళ్లలో కోచింగ్ సంస్థల మెటీరియల్, కొత్తగా వచ్చిన గైడు, డబ్బు కట్టినవాళ్లకే ఇచ్చిన వీడియో క్లాసులు, అన్నీ అమీర్‌పేటలో జిరాక్స్ చేయించినంత తేలిగ్గా దొరుకుతాయి. చానల్ నడిపేది చాలాసార్లు మరో విద్యార్థే. డబ్బు ఆశ ఉండొచ్చు, లేకపోవచ్చు. పేద పిల్లలకు మేలు చేస్తున్నాననే అనుకుంటాడు.

ఢిల్లీలో పోటీ పరీక్షల శిక్షణ ఇచ్చే నీతూ సింగ్, ఆమె సంస్థ కేడీ కాంపస్ కలిసి ఇలాంటి చానళ్ల మీదే కేసు వేశారు. ఆమె పుస్తకాలు, క్లాసులు అడ్డగోలుగా పంచేస్తున్నారు. ఒక చానల్ మూయిస్తే మరొకటి పుట్టుకొస్తోంది. నడిపేవాళ్లెవరో చెప్పడానికి టెలిగ్రామ్ ఒప్పుకోలేదు. తమ సర్వర్లు సింగపూర్లో ఉన్నాయని, అక్కడి గోప్యతా చట్టం అడ్డొస్తుందని వాదించింది. 2022 ఆగస్టు 30న జస్టిస్ ప్రతిభా ఎం. సింగ్ ఆ వాదన తోసిపుచ్చి వివరాలు ఇవ్వాల్సిందేనన్నారు. ఫోన్ నంబర్లు, ఐపీ అడ్రసులతో జాబితా కోర్టుకు చేరింది. అసలు పేరు పెట్టుకోని చానల్ అడ్మిన్‌ను కూడా కోర్టు వెతికి పట్టుకోగలదన్నది అందరికీ తెలిసిన సంగతి అయ్యుండాలి. కాలేదు.

పైగా అంతకు మూడు నెలల ముందే, 2022 మేలో, సుప్రీంకోర్టు మరో కేసులో 63వ సెక్షన్ కింది నేరం బెయిలు హక్కుగా దొరకనిదని, పోలీసులు నేరుగా కేసు పెట్టదగినదని తేల్చింది. తెలిసి చేసిన ఉల్లంఘనకు ఆ సెక్షన్ ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా విధిస్తుంది. వ్యాపార లాభం కోసం చేయకపోతే కోర్టు తగ్గించవచ్చు, అంతే. ఒంటరిగా చదువుకోవడానికి ఒక అధ్యాయం దించుకున్నవాడికి 52వ సెక్షన్‌లోని సొంత వినియోగం, పరిశోధన అనే గొడుగు ఉంది. రెండు వేలమందికి పంచినవాడు దాని కింద నిలబడలేడు. దొరికితే దొంగ, దొరక్కపోతే దొర అన్న ధీమాతో ఇంతకాలం గడిచింది గానీ, దొరకడం ఎంత సులువైపోయిందో అడ్మిన్లకు తెలియదు.

సదుద్దేశం రక్షణ కాదని కొలంబియాలో డియేగో గోమెజ్ అనుభవం చెబుతుంది. జీవశాస్త్రం చదువుతూ 2011లో అతడు వేరే వ్యక్తి రాసిన థీసిస్‌ను, తోటి విద్యార్థులకు పనికొస్తుందని, స్క్రిబ్డ్‌లో పెట్టాడు. క్రిమినల్ కేసు పడింది. 2017లో నిర్దోషిగా బయటపడ్డాడు, ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరిగాక.

సాఫ్ట్‌వేర్ విషయం ఇంకా కటువు. సొంత వినియోగం అనే మినహాయింపు కంప్యూటర్ ప్రోగ్రాములకు వర్తించదని చట్టంలోనే రాసి ఉంది. ఇంజినీరింగ్ హాస్టళ్లలో పెన్‌డ్రైవ్ మీద తిరిగే క్రాక్ చేసిన మ్యాట్‌ల్యాబ్‌కు అందువల్ల ఏ నీడా లేదు. విచిత్రంగా ఇక్కడ ప్రత్యామ్నాయాలకు కొదవ లేదు. ఐఐటీ బొంబాయిలోని ఫాసీ ప్రాజెక్టు సైల్యాబ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను కాలేజీలకు అలవాటు చేయడానికే ఏళ్లుగా పనిచేస్తోంది. ఆటోక్యాడ్ కంపెనీ విద్యార్థులకు ఉచితంగానే ఇస్తుంది. ల్యాబ్ మాన్యువల్ పాత సాఫ్ట్‌వేర్ పేరుతోనే ఉంటుంది కాబట్టి విద్యార్థి దానికే పోతాడు.

పరిశోధన వ్యాసాల దగ్గర మాత్రం విద్యార్థి వాదనకు బలం ఉంది. పాఠ్యపుస్తకం రాసినవారికి రాయల్టీ వస్తుంది, దాన్ని ఎత్తుకుపోతే ఆయన జేబుకు చిల్లు. జర్నల్ వ్యాసం రాసిన శాస్త్రవేత్తకు ప్రచురణ సంస్థ పైసా ఇవ్వదు. వ్యాసాన్ని పరిశీలించి మంచిచెడ్డలు చెప్పే తోటి శాస్త్రవేత్తలూ చాలావరకు ఊరికే చేస్తారు. ఆ పరిశోధనకు డబ్బు తరచూ ప్రభుత్వానిది. తీరా చదవాలంటే ఒక్క వ్యాసానికి ముప్పై డాలర్ల పైచిలుకు. కజకిస్థాన్‌కు చెందిన అలెగ్జాండ్రా ఎల్బక్యాన్ 2011లో సై-హబ్ మొదలుపెట్టింది ఈ గోడ ముందు నిలబడే. ‘సైన్స్’ పత్రిక 2016లో ఆ సైటు లాగులు పరిశీలిస్తే, ఆరు నెలల్లో 2 కోట్ల 80 లక్షల వ్యాసాలు దించుకున్నట్టు తేలింది. ఇండియా వాటా 34 లక్షలు, చైనా తరువాత స్థానం. ఇరాన్ ఆ వెనుక.

2020 డిసెంబర్‌లో ఎల్సెవియర్, వైలీ, అమెరికన్ కెమికల్ సొసైటీ సై-హబ్ మీద ఢిల్లీ హైకోర్టుకు వచ్చాయి. మన శాస్త్రవేత్తల సంఘాలు సైటు పక్షాన వాదించడానికి ముందుకొచ్చాయి. దాదాపు అయిదేళ్లు నలిగిన ఆ కేసులో, కొత్త వ్యాసాలు పెట్టనని ఇచ్చిన మాట ఎల్బక్యాన్ తప్పారన్న కారణంగా, 2025 ఆగస్టులో కోర్టు సైటును దేశంలో ఆపేయమంది. పరిశోధన కోసం వాడుకోవడం సమంజసమా కాదా అన్న అసలు ప్రశ్న మీద తీర్పు కోసం ఎదురుచూసినవాళ్లకు అది దక్కలేదు.

ఈలోగా ప్రభుత్వం మరో దారి వేసింది. ‘ఒకే దేశం, ఒకే చందా’ పథకాన్ని కేంద్ర మంత్రివర్గం 2024 నవంబర్‌లో ఆమోదించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, సుమారు 13,000 జర్నళ్లు. 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థల్లో దాదాపు 1.8 కోట్ల మందికి ఇది అందుతుంది. ఉస్మానియాలో, ఆంధ్రా యూనివర్సిటీలో చేరిన పరిశోధక విద్యార్థికి ఇవాళ చట్టబద్ధంగా దొరికే జర్నళ్లు పదేళ్ల కిందటి అతని గైడుకు కలలో కూడా లేవు. కానీ ‘ప్రభుత్వ’ అన్న మాట దగ్గర ఆగాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంజినీరింగ్ విద్యార్థుల్లో అత్యధికులు చదివేది ప్రైవేటు కాలేజీల్లో. మొదటి విడతలో వాళ్లు ఈ గీతకు అవతలే ఉన్నారు. ఒకే ఊళ్లో ఒకే సబ్జెక్టు చదివే ఇద్దరిలో ఒకరికి లాగిన్ ఉంటుంది, మరొకరికి లింకు ఉంటుంది. ఇద్దరి నీతిని ఒకే తూకం వేయడం ఎంతవరకు న్యాయం?

తెలుగు సాహిత్యం చదివేవాళ్ల గోల వేరు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి కంప్యూటర్ రంగంలో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను స్కాన్ చేయాలన్న బృహత్ ప్రయత్నానికి సారథ్యం వహించారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ అందులో భాగస్వామి. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో వెలసిన ఆ సైటు తరువాత మూతపడినా, స్కాన్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో బతికున్నాయి. తెలుగు ఎం.ఏ. విద్యార్థికి అదే గ్రంథాలయం. అందులోని గురజాడ పుస్తకాలకు, ఆయన 1915లో పోయారు కాబట్టి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన దేశంలో రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులుంటాయి. అంతకుముందు 50 ఉండేది. 1941లో పోయిన టాగోర్ రచనల గడువు తీరిపోతోందని 90ల మొదట్లో పదేళ్లు పొడిగించారు. ఆ లెక్కన 1971లో కన్నుమూసిన జాషువా రచనలకు 2031 చివరి దాకా, 1983లో పోయిన శ్రీశ్రీకి 2043 చివరి దాకా హక్కులు ఉంటాయి. ఆర్కైవ్‌లో మాత్రం అందరూ ఒకే వరసలో కనబడతారు. పాతది కాబట్టి ఉచితమేనని విద్యార్థి అనుకుంటాడు. పబ్లిషర్ దుకాణం మూసేసి, వారసులెవరో తెలియని పుస్తకం కావాలంటే అతనికి వేరే దారి కూడా లేదు. అచ్చులో లేని పుస్తకాన్ని స్కాన్ చేసి పెట్టినవాళ్ల మీద తెలుగులో కోపం కన్నా కృతజ్ఞతే ఎక్కువ. అది సమంజసమే అనిపిస్తుంది.

ఇక డబ్బు పెట్టి కొన్న పుస్తకాల సంగతి. పై చదువులకు అమెరికా వెళ్లే తెలుగు పిల్లల సూట్‌కేసులో ఆవకాయ సీసాతో పాటు ‘ఇండియన్ ఎడిషన్’ పాఠ్యపుస్తకాలు ఉండడం మామూలే. భారత ఉపఖండంలో మాత్రమే అమ్మకానికి అని అట్ట మీద ఉంటుంది. ఆ ముద్ర ఎంతవరకు చెల్లుతుందో అమెరికా సుప్రీంకోర్టులో తేల్చింది థాయిలాండ్ విద్యార్థి సుపాప్ కిర్ట్‌సెంగ్ కేసు. ఇంటివాళ్లు స్వదేశంలో కొని పంపిన చవక ప్రతులను అక్కడ ఆన్‌లైన్లో అమ్మి చదువు ఖర్చు గడిపాడు. వైలీ సంస్థ దావా వేస్తే జ్యూరీ 6 లక్షల డాలర్లు కట్టమంది. 2013 మార్చిలో సుప్రీంకోర్టు 6-3 తేడాతో అతని పక్షాన నిలిచింది. న్యాయంగా కొన్న ప్రతిని తిరిగి అమ్ముకునే హక్కు, ఎక్కడ అచ్చయినదైనా సరే, కొన్నవాడిదే. కాగితానికి దక్కిన ఈ స్వేచ్ఛ లాగిన్‌తో తెరుచుకునే ఈ-పుస్తకానికి లేదు. దాన్ని కొనడం లేదు, అద్దెకు తీసుకుంటున్నాం.

ఇప్పుడు కృత్రిమ మేధ వచ్చి పాత వాదనలన్నిటినీ కలిపేసింది. విద్యార్థి పీడీఎఫ్ తెచ్చుకునే లిబ్‌జెన్ లాంటి దొంగ గ్రంథాలయాల నుంచే పెద్ద కంపెనీలూ పుస్తకాలు దించుకున్నాయి. ఏఐ కంపెనీ ఆంత్రోపిక్ కేసులో అమెరికా కోర్టు 2025 జూన్‌లో, కొన్న పుస్తకాలతో యంత్రానికి తర్ఫీదు ఇవ్వడం న్యాయమైన వినియోగమే గానీ దొంగ ప్రతులు దాచుకోవడం కాదంది. ఆ తరువాత కంపెనీ 150 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చింది. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు. ఇక్కడ ఢిల్లీ హైకోర్టులో ఓపెన్ఏఐ మీద ఏఎన్ఐ వార్తా సంస్థ 2024 నవంబర్‌లో వేసిన కేసు ఉంది. వాళ్లు లక్షల పుస్తకాలు దించుకుంటే వ్యాపారం, మేము ఒక్కటి దించుకుంటే నేరమా అని విద్యార్థులు అడిగితే ఎదుటివాళ్లు కాసేపు నీళ్లు నమలాల్సిందే.

ఇదే విద్యార్థి ఒకరోజు రచయిత అవుతాడు. కాపీరైటుకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, రాసిన క్షణాన పుడుతుంది. కాన్ఫరెన్సుకు పంపిన మొదటి పేపరు అంగీకరించారన్న ఈమెయిల్‌తో పాటు హక్కుల బదిలీ ఫారం వస్తుంది. సంతోషంలో చదవకుండా సంతకం పెట్టి పంపేస్తాడు. ఆ సంతకంతో, అచ్చయిన తన సొంత వ్యాసాన్ని తన వెబ్‌సైట్లో పెట్టుకునే హక్కు కూడా చాలాసార్లు చేజారిపోతుంది. అయితే పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు, అచ్చు రూపం కాకుండా ఆమోదం పొందిన రాతప్రతిని రచయిత తన యూనివర్సిటీ రిపాజిటరీలో, కొంత గడువు తరువాత, పెట్టుకోనిస్తాయి. అలా పెట్టిన వ్యాసాన్ని ఏ ప్రైవేటు కాలేజీ కుర్రాడైనా చట్టబద్ధంగా, పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు.